సముద్రం స్టేషను

మొన్న మా మేనల్లుడు తన ఫోన్‌లో ఒక ఇంగ్లీషు సినిమా పెట్టి చూడమన్నాడు. ఒక పాత ఓడ, అందులో కొందరు పాటల పిచ్చివాళ్ళు. అనుమతి లేకుండా సముద్రం మీద నుంచి రేడియోలో రాక్ సంగీతం వేస్తుంటారు. ఒడ్డున దొరలు పళ్ళు నూరుతుంటారు, జనం మాత్రం వంటగదుల్లోనూ మంచాల మీదా రేడియోకి చెవి అప్పగించి వింటుంటారు. సినిమా అంతా హాస్యమే. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. వంటగదిలో రేడియో వింటున్న ఒకావిడ కనపడగానే నేను ఫోన్ వాడి చేతికి ఇచ్చేశాను.

"బాలేదా మావయ్యా?"

"బాగుంది. చూసిందేలే."

"నువ్వా? ఎక్కడ చూశావ్?" అన్నాడు, నమ్మకం లేనట్టు.

రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే కాగితం తీసుకున్నాను. స్క్రూడ్రైవరు చేతపట్టి బతకబోయే కుర్రాళ్ళెవరైనా ఇది చదివితే వాళ్ళకొక మాట అందుతుంది. మిగిలినవాళ్ళకి ఒక కథ.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగిలిన చదువంతా మా శాఖా గ్రంథాలయంలో అయింది. ఇది గొప్పకే చెబుతున్నాను. రేడియో బాగుచేయడం, మోటారు చుట్టడం, ఇంగ్లీషు చదవడం, అన్నీ ఆ చెక్క బల్ల దగ్గర నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నవే. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. కువైత్ వెళ్ళినప్పుడు నా పెట్టెలో ఆవకాయ సీసా ఒకటుంటే పుస్తకాలు నాలుగు ఉన్నాయి.

అక్కడ నా చివరి అయిదేళ్ళ కొలువు ఒక బార్జి మీద. బార్జి అంటే ఇంజను లేని ఓడ అనుకోండి, పెద్ద ఇనప పళ్ళెం లాంటిది. టగ్గు పడవ లాక్కొచ్చి వదిలిన చోట నాలుగు లంగర్లు వేసుకుని నెలల తరబడి కూర్చుంటుంది. మాది సాల్మియా తీరానికి కిలోమీటరు దూరంలో కూర్చుంది. అలలకు అడ్డుగోడ కట్టడం కోసం సిమెంటు దిమ్మల్ని క్రేనుతో నీళ్ళలోకి దించడం మా పని. మొత్తం ముప్పై మందిమి. తిండి, నిద్ర అన్నీ బార్జి మీదే. శుక్రవారం మాత్రం ఒక లాంచీ వచ్చి ఒడ్డుకు తీసుకెళ్ళి, సాయంత్రానికి తెచ్చి వదిలేది. నేను ఎలక్ట్రీషియన్ని.

మా వంటాయన రాజోలు వైపు మనిషి. నా కన్నా పదేళ్ళు చిన్న. చేపల పులుసు అతను వండితే అరబ్బులు కూడా ముల్లు నమిలి ఊసేవారు. పొద్దున్నే స్తోత్రం చెప్పుకుని గానీ పొయ్యి వెలిగించేవాడు కాదు. అతని భార్య కూడా కువైత్‌లోనే, సాల్మియాలోనే, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక మేడలో తొమ్మిదో అంతస్తులో ఇంటిపని చేసేది. మా బార్జి మీద నిలబడి చూస్తే కుడి నుంచి మూడో బాల్కనీ వాళ్ళది. బార్జి మాస్టరు దుర్భిణి తెస్తే ఆవిడ ఆరేసిన బట్టల రంగులు కూడా తెలిసేవి.

ఆలుమగల మధ్య ఒక్క కిలోమీటరు నీళ్ళు. కానీ ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పనిమనిషి ఫోన్‌ని బీరువాలో పెట్టి శుక్రవారం పావుగంట ఇచ్చేది. బయటికి పంపేది కాదు. శుక్రవారం మావాడు ఆ మేడ కింద నిలబడితే, ఆవిడ చెత్తసంచి పారేసే వంకతో దిగి వచ్చేది. రెండు నిమిషాలు. ఒక్కోసారి అదీ ఉండేది కాదు.

"మా ఊళ్ళో ఉన్నప్పుడు ఆవిడ నోరు మూయించలేక చచ్చేవోణ్ణండి. ఇప్పుడు ఆ నోటికోసమే చచ్చిపోతున్నాను," అనేవాడు.

ఒక శుక్రవారం గాలి ఎక్కువై లాంచీ రాలేదు. మధ్యాహ్నం భోజనాల గదిలో అందరం ముఖాలు వేలాడేసుకుని కూర్చుంటే క్రేను ఆపరేటరు ఒక సీడీ తెచ్చాడు. అతను ఫిలిప్పీనో. రాక్ సంగీతమంటే ప్రాణం. క్రేను క్యాబిన్‌లో గిటారు వేలాడదీసుకున్న మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను. ఆ సీడీలోదే నా మేనల్లుడు చూపించిన సినిమా. ఓడ మీద వాళ్ళ అల్లరికి ముప్పై మందిమీ పగలబడి నవ్వాం. క్రేను ఆపరేటరు బల్ల మీద దరువు వేశాడు. సినిమాలో ఆడవాళ్ళు వంటింట్లో రేడియో వింటుంటే మా వంటాయన మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని తెర వంకే చూస్తూ ఉండిపోయాడు.

అందరూ వెళ్ళాక నా పక్కన చేరాడు.

"అన్నయ్యగారూ, అది నిజంగా అవుద్దాండి?"

"ఏది?"

"ఇలా నీళ్ళ మీంచి రేడియో. మా ఆవిడ వంటింట్లో రేడియో ఉందండి. మామా బజారుకెళ్ళాక పదకొండు నుంచి ఒంటిగంట దాకా పెట్టుకుంటదంట. తనకి మాట్లాడే వీల్లేదు గానీ వినే వీలుందండి."

నేను గొంతు సవరించుకున్నాను. ఇలాంటి ప్రశ్న కోసమే పుట్టినట్టు, ఒకప్పుడు యూరపు తీరాల్లో నిజంగానే ఓడల మీద నుంచి అలా పాటలు వేసేవారనీ, వాళ్ళని కట్టడి చెయ్యడానికి చట్టాలే చెయ్యాల్సి వచ్చిందనీ, అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

"మీరు చదవని పుస్తకం ఉందాండి అసలు!" అన్నాడు చేతులు జోడించి.

ఆ మాట నాకు ఎంత తియ్యగా తగిలిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అనుమతి లేకుండా రేడియో వెయ్యడం తప్పు. దొరికితే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, రద్దు చేసి విమానం ఎక్కిస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. మంచిపని చేశామని చెప్పడానికి రాయడం లేదు ఇది. చేశాం, అంతే.

తరవాతి శుక్రవారాలు నాకు పండగలయ్యాయి. అల్ రాయ్‌లో శుక్రవారం సంత జరిగేది. పాత తివాచీల నుంచి పాడైన విమానం కుర్చీల దాకా అక్కడ దొరకనిది లేదు. ఆ గుట్టల్లో వెతికి విడిభాగాలు ఏరుకున్నాను. అక్కణ్ణించి సాల్మియాలో ఒక చిన్న లైబ్రరీకి పరుగెత్తేవాణ్ణి. అక్కడ ఇంగ్లీషు అరలో ట్రాన్స్‌మిటర్లు తయారుచేసే పుస్తకం ఒకటుంది. ఇంటికిచ్చేవాళ్ళు కాదు. అక్కడే కూర్చుని, లాంచీ వేళ దాకా, నోటుబుక్కులోకి ఎత్తి రాసుకునేవాణ్ణి. నాలుగు వారాల్లో అయిదు అధ్యాయాలు రాశాను. ఆరోది ఫిల్టర్ల గురించి. తెరిచి చూస్తే పేజీల నిండా లెక్కలు. లాంచీ వేళయింది. పాట వినబడితే చాలు, ఇదెందుకులే అనుకుని పుస్తకం మూసి అరలో పెట్టేశాను.

కుర్రాళ్ళకి చెప్పాలనుకున్న మాట ఇదే. మిగతాదంతా దాని వడ్డీ.

పెట్టె తయారైంది. యాంటెన్నాకి ఎత్తు కావాలి. బార్జి మీద ఎత్తయినది క్రేను ఒకటే. క్రేను ఆపరేటరుని కలుపుకోక తప్పలేదు.

"బ్రదర్, నా క్రేన్ వాడితే అద్దె కట్టాలి," అన్నాడు సగం హిందీ, సగం ఇంగ్లీషులో.

"ఎంత?"

"రోజూ రెండు రాక్ పాటలు. ఫుల్ సౌండ్."

మా వంటాయన ముఖం మాడిపోయింది. "ఆ అరుపులాండి? మా ఆవిడ జడుసుకుంటదండి!"

"మ్యూజిక్ లేకపోతే క్రేన్ లేదు, మై ఫ్రెండ్."

చివరికి ఒప్పందం కుదిరింది. పొద్దున దిమ్మలు దించే పని పదిన్నరకల్లా అయిపోయేది. ఎండకి ఆ తరవాత ఆపేసేవారు. పదకొండింటికి మేం మొదలుపెడతాం. ముందు రెండు రాక్ పాటలు, తరవాత తెలుగు పాటలు, మధ్యలో వంటాయన మాటలు. అరగంటలో ఖలాస్. రంగు డబ్బాలు దాచే కొట్టు మా స్టూడియో. తలుపేసుకుంటే లోపల చెమట కారిపోయేది.

ఆవిడ వింటున్నట్టు మాకెలా తెలియాలి? దానికీ వాళ్ళిద్దరే ఉపాయం ఆలోచించారు. రేడియో దగ్గరికి రాగానే ఆవిడ బాల్కనీ కమ్మీ మీద పసుపుపచ్చ తుడుపుగుడ్డ ఆరేస్తుంది. విన్నాక తీసేస్తుంది. గుడ్డ ఉంటే చెవి ఉన్నట్టు.

మొదటి రోజు దుర్భిణి నా చేతిలో ఉంది. పదకొండుకి రెండు నిమిషాల ముందు ఆ తెల్లటి మేడ మీద పసుపు చుక్క ఒకటి వచ్చి వాలింది. వంటాయన మైకు ముందు నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. కొలిమి తిత్తిలా ఊపిరి పీలుస్తున్నాడు.

"మాట్లాడవయ్యా," అన్నాను.

"ఏటి మాట్లాడాలండి?"

"ఏదో ఒకటి. కూరేం వండావో చెప్పు."

"ఇది... ఇది సముద్రం స్టేషనండి," అన్నాడు. "ఇయ్యాల బార్జి మీద వంజరం పులుసండి. చింతపండు ఎక్కువేశానండి. ఒకావిడుంటే ఈ పాటికి తిట్టేదండి."

పేరు చెప్పకూడదని నియమం పెట్టుకున్నాం. అందుకని ప్రతి రోజూ పులుసు గురించీ, ఉప్పు గురించీ, "ఒకావిడ" గురించీ చెప్పేవాడు. పేరు లేకపోవడం వల్లే కాబోలు, ఆ మాటలు వింటే నాకు కూడా ఎవరో ఒకావిడ ఎదురుచూస్తున్నట్టు ఉండేది. నేను కొట్టు బయట కాపలా కూర్చుని, చేతిలో పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్క అక్షరం కూడా చదవకుండా వినేవాణ్ణి.

శుక్రవారం ఆవిడ ఫోన్‌లో అన్న మాటలు మావాడు వచ్చి చెప్పేవాడు. "ఆ కేకల పాటలకి మామా కూతురు వంటింట్లోకొచ్చి గెంతుతోందంటండి. ఎప్పుడూ ముఖం చిట్లించుకునే పిల్ల, ఇప్పుడు మా ఆవిణ్ణి కూడా చెయ్యి పట్టుకుని గెంతిస్తోందంట!" ఆ మాట విని క్రేను ఆపరేటరు మూడు రోజులు నేల మీద నడవలేదు. సాల్మియా కొట్లో ఒకసారి ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. "పదకొండింటికొచ్చే ఆ పులుసాయన ఎవరే? చింతపండు ఏనాడూ సరిగ్గా ఏసి చావడు!" నేను ఉప్పు పాకెట్టు పట్టుకుని దొంగలా నవ్వుకున్నాను.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక రోజు దిమ్మలు దించే పని ఆలస్యమైంది. మేం వేళ చూసుకున్నాం గానీ క్రేను చూసుకోలేదు. పదకొండు కొట్టగానే పెట్టె వేశాను. క్రేను ఆపరేటరుకి కింద నుంచి సైగలు అందవు, పక్కన వాకీటాకీ ఉంటుంది, దాంట్లో వచ్చే మాట ప్రకారమే దించుతాడు, ఆపుతాడు. ఆ వాకీటాకీలో ఆపమనే కేక రావాల్సిన చోట రాక్ పాట వచ్చింది. దిమ్మ ఊగి బార్జి అంచుకి గుద్దుకుంది. కమ్మీ పదడుగుల మేర వంగిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

జరిగిందేమిటో అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఫిల్టరు లేని ట్రాన్స్‌మిటరు రేడియో ముల్లుతో మనం ఎంచుకున్న చోట ఒక్కచోటే పాడదు. పైన ఇంకో నాలుగు చోట్ల దాని నకళ్ళు కూడా పాడుతుంటాయి. అందులో ఒక నకలు మా వాకీటాకీల మీద పడింది. పిండిలో పురుగుల్ని జల్లెడ ఆపినట్టు ఆ నకళ్ళని ఆపేదే ఫిల్టరు. నేను జల్లెడ అక్కర్లేదనుకున్న వంటవాణ్ణి.

బార్జి మాస్టరు వాకీటాకీ పాడైందనుకున్నాడు. "ఎలక్ట్రీషియన్! బాగుచెయ్ దీన్ని!" అని నా ఒళ్ళోనే పడేశాడు. ఏ జబ్బూ లేని ఆ వాకీటాకీని రెండు రోజులు విప్పి, బిగించి, తుడిచి, ఎంతో గంభీరంగా తిరిగి ఇచ్చాను. మంచి పనివాడివని మెచ్చుకున్నాడు.

క్రేను ఆపరేటరు మాత్రం క్యాబిన్ దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. "బ్రదర్, లిఫ్ట్ నడుస్తుంటే మ్యూజిక్ వద్దు. నీళ్ళలో డైవర్ ఉంటే అసలే వద్దు. ప్రామిస్?"

మాటిచ్చాను. వంటాయన కూడా బైబిలు మీద చెయ్యి వేసి ఇచ్చాడు. పని లేనప్పుడే వేస్తాం కదా అని ఫిల్టరు సంగతి మాత్రం నేను మళ్ళీ తలపెట్టలేదు.

ఆ మాట పరీక్షకొచ్చిన రోజు మంగళవారం.

దంపతులిద్దరికీ ఒక కోరిక ఉండేది. రాజోలు సెంటర్లో బస్సులు ఆగే చోట ఒక కొట్టుగది ఉంది. దాంట్లో టిఫిన్ హోటలు పెట్టాలని. ఆ గది ఖాళీ అయ్యేట్టు లేదని, ఆవిడ ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లోనే పనికి ఒప్పుకునేట్టు ముందే అనుకున్నారు. మామా తరఫున కాగితాల పని చూసే మనిషి మంగళవారం ఒంటిగంటకి వచ్చి ఆవిడ చేత సంతకం పెట్టించుకుంటాడు. సంతకం పడితే రెండేళ్ళు కదలడానికి లేదు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి రాజోలు నుంచి వంటాయన తమ్ముడు ఫోన్ చేశాడు. గది ఖాళీ అవుతోంది. నెలాఖరుకల్లా ఇద్దరూ వచ్చి దిగితే మీదే, లేకపోతే వేరేవాళ్ళు కాచుకుని ఉన్నారు.

మావాడు పిండి చేతులతోనే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యగారూ! సంతకం పెట్టద్దని చెప్పాలండి ఆవిడికి!"

ఇంటి ఫోన్‌కి చేశాం. మామా ఎత్తి, "షుగుల్, షుగుల్. జుమ్మా," అంది. పనిలో ఉంది, శుక్రవారం చెయ్యి అని. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మామా బజారుకెళ్ళాక చేసినా లాభం లేదు, ఆ ఫోన్ ముట్టకూడదని ఆవిడకి కట్టడి. మేడ కాపలావాడికి చేస్తే, పైకెళ్ళి పనిమనుషులతో మాట్లాడితే తన ఉద్యోగం పోతుందన్నాడు. లాంచీ శుక్రవారం దాకా రాదు.

"పదకొండింటికి రేడియోలో చెబుదాం," అన్నాను. "ఈ రోజు గాలి చూడు. దిమ్మలు దించే పనే ఉండదు. గంటసేపు కావాలన్నా మనదే."

నిజమే, పొద్దుటి నుంచి ఈదురుగాలి. గాలిని చూసి అంత సంతోషించిన రోజు నా జీవితంలో లేదు. మావాడు వంట గబగబా ముగించి, చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాడు. నాలుగు ముక్కలే. గది దొరికింది. సంతకం పెట్టకు. ఇంటికి పోదాం. ఇద్దరం.

పదింబావుకి గాలి ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయింది.

"యల్లా! యల్లా!" అని బార్జి మాస్టరు అరుపు, కానివ్వండని. నాలుగు రోజుల పని వెనకబడి ఉంది. పదకొండింటికి అయిదు నిమిషాలుందనగా డైవరు నీళ్ళలోకి దిగాడు. కొల్లం నుంచి వచ్చిన మనిషి, మాటకారి కాదు, రోజూ మా పక్క బల్ల మీద కూర్చుని తినేవాడు. దిమ్మ నీళ్ళలోకి దిగాక దాన్ని గోడలో సరైన చోట కూర్చోబెట్టేది అతనే. అతను కింద నుంచి తన తీగ ఫోన్‌లో చెప్పింది పైన ఒకతను విని, వాకీటాకీలో క్రేనుకి చెబుతాడు. జానెడు అటూ ఇటూ అయితే ఆ దిమ్మ మనిషి మీద కూర్చుంటుంది.

తొమ్మిదో అంతస్తులో పసుపు గుడ్డ వాలింది.

నేను క్రేను నిచ్చెన ఎక్కాను. క్యాబిన్ కిటికీ లోంచి, "ఒక్క నిమిషం ఆపగలవా?" అని అడిగాను. అతను రెండు చేతులూ మీటల మీద నుంచి తియ్యలేదు. తల కూడా తిప్పలేదు.

"బ్లాక్ నీళ్ళలో ఉంది బ్రదర్. కింద మనిషున్నాడు."

దిగి వచ్చేసరికి వంటాయన రంగుల కొట్టులో మైకు ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో కాగితం.

"వెయ్యండి."

"డైవరు కింద ఉన్నాడు."

"ఒక్క మాటండి. ఒక్కటంటే ఒక్కటి. సంతకం పెట్టకు అంటాను. కట్టేద్దురు గాని."

"ఆ ఒక్క మాటకే దిమ్మ ఊగిందయ్యా మొన్న. కింద మనిషున్నాడు."

"పైన నా పెళ్ళాం ఉందండి!"

అతని చెయ్యి స్విచ్చు వైపు వెళ్ళింది. నేను బ్యాటరీ తీగ లాగేసి పిడికిట్లో పట్టుకున్నాను. అతను నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. కాసేపు నా పిడికిలి వంక చూశాడు.

"అయినా అడ్డుకోడానికి ఏదో జల్లెడుంటదన్నారు కదండి? అదెందుకు పెట్టలేదండి?"

తీగని పిడికిట్లోనే ఉంచుకుని నేను కొట్టు తలుపు తీశాను.

"అన్ని పుస్తకాలు చదివారు. ఆ ఒక్కటే చదవలేదు కదండీ," అన్నాడు. అరవలేదు. మామూలుగానే అన్నాడు.

ఇద్దరం కమ్మీ దగ్గరికి వచ్చి నిలబడ్డాం. దిమ్మ తరవాత దిమ్మ దిగుతూనే ఉంది. పన్నెండయింది. పన్నెండున్నర అయింది. దుర్భిణి ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటున్నాం. పసుపు గుడ్డ అలాగే ఉంది. రోజూ పదకొండున్నరకల్లా తీసేసేది. ఆ రోజు తియ్యలేదు. ఈ రోజేదో చెబుతాడని ఆవిడకి ఎలా తెలుసో నాకు తెలియదు. బహుశా మేం పలకకపోవడం వల్లే ఎక్కువసేపు వింటోందేమో. ఒకసారి బాల్కనీలోకి వచ్చి సముద్రం వైపు చూసింది. అంత దూరం నుంచి ముఖం తెలియలేదు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుందని మాత్రం తెలిసింది.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా ఆ చెయ్యి వచ్చి గుడ్డ తీసేసింది.

రెండు నిమిషాల తరవాత డైవరు తల నీళ్ళ మీదికి తేలింది.

నేను తీగ బ్యాటరీకి తగిలించబోయాను. "ఇంకెవరికండి?" అన్నాడు వంటాయన. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. డైవరు తడి ఒంటితో వచ్చి కూర్చుంటే అతనే స్వయంగా వడ్డించాడు. పళ్ళెంలో నడిమి ముక్కలు రెండు వేశాడు. డైవరు తలెత్తి, "ఏంటి విశేషం?" అన్నట్టు చూశాడు. "తినండి తినండి," అన్నాడు మావాడు తెలుగులోనే, భుజం తట్టి.

ఆ తరవాత సముద్రం స్టేషను మళ్ళీ మోగలేదు. నేను అడగలేదు, అతను అనలేదు. క్రేను ఆపరేటరు యాంటెన్నా తీగని చుట్టి తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్ళాడు, అద్దె గురించి ఎత్తకుండా. నెల తిరక్కముందే గోడ పని పూర్తయి, టగ్గు వచ్చి మమ్మల్ని దక్షిణానికి లాక్కెళ్ళింది. మేడలు చిన్నవవుతుంటే వంటాయన వెనక అంచున నిలబడి ఉన్నాడు. కొట్టుగది ఎవరికో వెళ్ళిపోయింది. ఒక్కడే వెళ్ళి ఏం చెయ్యాలని అతనూ ఆగిపోయాడు. నాతో మునుపటిలాగే మర్యాదగా ఉండేవాడు. పుస్తకాల మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను, ఒక మనిషి క్షేమంగా పైకి వచ్చాడు. దాని గురించి నాకు ఏనాడూ పశ్చాత్తాపం లేదు. నన్ను తినేది వేరే. ఆ తరవాతి శుక్రవారం నేను లైబ్రరీకి వెళ్ళి ఆరో అధ్యాయం తెరిచాను. లెక్కలన్నీ వదిలేస్తే చివర్లో ఒక బొమ్మ ఉంది. రెండు తీగచుట్లు, మూడు కండెన్సర్లు. అల్ రాయ్ సంతలో అగ్గిపెట్టెలో పట్టేంత సామాను. అది పెట్టి ఉంటే కింద దిమ్మ దిమ్మలాగే దిగేది, పైన మాట మాటలాగే వెళ్ళేది. వేళయిపోయిందనీ, కష్టంగా ఉందనీ నేను మూసేసిన మూడు పేజీలు.

రెండేళ్ళ తరవాత ఆవిడ గడువు తీరింది. దేశం వెళ్ళే ముందు శుక్రవారం మామా ఆవిణ్ణి బయటికి పంపింది. వంటాయన నన్ను కూడా రమ్మన్నాడు. సాల్మియా ఒడ్డున సిమెంటు బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. ఎదురుగా మేం కట్టిన గోడ. దాని వెనక నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉన్నాయి. గోడ మీద పిల్లలు గాలాలు వేసుకుంటున్నారు. ఎన్నాళ్ళుగానో తెలిసిన మనిషిని మొదటిసారి దగ్గరగా చూశాను. నేననుకున్న దానికన్నా పొట్టి. చేతుల నిండా కాలిన మచ్చలు.

ఫ్లాస్కు లోంచి టీ పోసి ఇచ్చింది. "మీరేనాండి ఆ పెట్టె చేసిన అన్నయ్యగారు?"

"నేనేనమ్మా."

"ఆ మంగళవారం ఎందుకు పాడలేదండి?"

మొగుడు చెప్పలేదన్నమాట ఇన్నాళ్ళూ. అతని వంక చూశాను. అతను గోడ వంక చూస్తున్నాడు. నేనే చెప్పాను. గాలి, దిమ్మ, డైవరు, నా పిడికిట్లో తీగ. ఆరో అధ్యాయం గురించి కూడా చెప్పాను. ఆవిడ చివరిదాకా వింది. వినడం అలవాటైన మనిషి.

"నీళ్ళలో ఉన్నాయన బాగున్నారాండి?" అంది.

"బాగున్నాడమ్మా. కిందటేడు ఊరెళ్ళిపోయాడు."

"పోనీలెండి." టీ గ్లాసు అంచు కొంగుతో తుడిచింది. "నేననుకున్నానండి, ఈయనకి కోపమొచ్చిందేమో అని. సంతకం పెట్టేసినా కూడా మర్నాడు పదకొండింటికి రేడియో పెట్టానండి. ఆ మర్నాడూ పెట్టాను. ఏటీ రాలేదు. హోరు ఒకటే వచ్చేది. ముల్లు జరపబుద్ధి కాలేదండి. జరిపితే మళ్ళీ మీరు పలికినప్పుడు దొరకదేమో అని."

"ఎన్నాళ్ళు?" అన్నాడు వంటాయన.

"మొన్నటిదాకా. మామా ఇంట్లో ఉన్న రోజున విసుక్కునేది, రేడియో పాడయ్యిందా, ఏంటా గోల అని."

"నువ్వేమన్నావు?"

"సముద్రం, మామా, అన్నాను."